సీటు వచ్చింది సరే, క్లాసులు మొదలయ్యేలోపు ఏం చేయాలి?



ముందుగా ఒక ప్రశ్న. ఈ హాల్లో ఇంటర్ అయిపోయి, ఇంకా కాలేజీలో చేరనివాళ్లు ఎంతమంది ఉన్నారు? ఒక్కసారి చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. ఇవాళ నేను మాట్లాడేది మీతోనే. మిగతావాళ్లు మీ తమ్ముడి కోసమో చెల్లి కోసమో వినండి.

మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోతాయి. మేలో ఈఏపీసెట్. తర్వాత ర్యాంకు, కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు, అలాట్‌మెంట్. ఇంజనీరింగ్ క్లాసులు మొదలయ్యేసరికి ఆగస్టు వచ్చేస్తుంది. అంటే నాలుగైదు నెలలు. ఈ నాలుగైదు నెలలు మనం ఎవరి లెక్కలోనూ ఉండం. ఇంటర్ కాలేజీకి మనతో పని అయిపోయింది. ఇంజనీరింగ్ కాలేజీకి మనం ఎవరో ఇంకా తెలియదు. ఇంట్లోవాళ్లు, "రెండేళ్లు నిద్ర లేకుండా చదివింది, కొన్నాళ్లు పడుకోనివ్వండి" అంటారు. సరిగ్గా ఆ గ్యాప్‌లో ఇద్దరమ్మాయిలకు ఏం జరిగిందో చెప్తాను.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పదేళ్ల కిందటి మాట. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను, నా ఫ్రెండ్ ఒకే బెంచీ. ఇంటర్ ఎంపీసీ కూడా తెలుగు మీడియంలో కలిసే చదివాం. లెక్కల్లో తను నాకంటే చాలా ముందుండేది. ఎంసెట్‌లో తన ర్యాంకు నాకంటే మెరుగు. మా ఇద్దరికీ సీట్లు వచ్చాయి. నేను రిపోర్ట్ చేశాను. తను చేయలేదు.

ఎందుకు చేయలేదు? అప్లికేషన్‌లో తను ఇచ్చింది వాళ్ల బాబాయి ఫోన్ నంబర్. ఇంట్లో ఫోన్ ఆయనకే ఉండేది. జూన్‌లో బాబాయి పనికోసం హైదరాబాద్ వెళ్లాడు, నంబర్ మార్చాడు. మెసేజ్ ఎక్కడికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. అప్పటికి నేను మా మేనమామ ఇంట్లో ఉన్నాను. తనకు సీటు వచ్చిందని నేనూ అడగలేదు. నాకు నా సీటు గొడవే సరిపోయింది. తనకు తెలిసేసరికి రిపోర్ట్ చేయాల్సిన తేదీ దాటి నాలుగు రోజులైంది. వాళ్ల నాన్న ఒక్క మాట అన్నాడట: "మనకు రాసిపెట్టి లేదులే." మరుసటి ఏడాదే పెళ్లి చేశారు.

తను ఫెయిల్ అవ్వలేదు. సోమరితనం లేదు. ఇంట్లో వద్దని ఎవరూ అనలేదు. ఒక ఫోన్ నంబర్, నాలుగు రోజులు. అంతే.

తర్వాత నాకు తెలిసిందేమిటంటే, అమెరికాలో దీనికి ఒక పేరే ఉంది. 'సమ్మర్ మెల్ట్' అంటారు. కాలేజీలో సీటు వచ్చి, చేరతామని చెప్పి, తీరా క్లాసులు మొదలయ్యే రోజుకు కనిపించని పిల్లల గురించి ఆ మాట. ఎండకు ఐస్ కరిగినట్టు వేసవిలో కరిగిపోతారన్నమాట. అక్కడి పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం, చేరాలనుకున్నవాళ్లలో నూటికి 10 నుంచి 20 మంది దాకా ఇలా జారిపోతారు. పేద కుటుంబాల్లో ఇంకా ఎక్కువ. కారణాలు చూస్తే మనవే: ఏదో ఒక ఫారం, ఏదో ఒక ఫీజు, ఎవరిని అడగాలో తెలియకపోవడం.

ఇక రెండో అమ్మాయి. అంటే నేను. నేను చేరాను కదా, మరి నా కథ బాగుండాలి కదా? వినండి.

మొదటి రోజు మ్యాథ్స్-1 క్లాసు. సార్ బోర్డు మీద 'ఆర్తోగొనల్ ట్రాజెక్టరీస్' అని రాశారు. నేను నోట్స్‌లో ఆ స్పెల్లింగ్ దించుకునేలోపే సార్ రెండు స్టెప్పులు ముందుకు వెళ్లిపోయారు. నాకు లెక్కలు రావా అంటే, వచ్చు. స్పర్శరేఖ తెలుసు, అభిలంబం తెలుసు, వ్యుత్క్రమం తెలుసు, అవకలనం కళ్లు మూసుకుని చేసేదాన్ని. కానీ ఆయన 'టాంజెంట్', 'నార్మల్', 'రెసిప్రొకల్' అంటుంటే, అవి నాకు తెలిసినవేనని నా బుర్రకు తట్టలేదు. బాగా తెలిసిన మనిషి మాస్కు పెట్టుకుని ఎదురొస్తే గుర్తుపట్టం చూశారా, అలా ఉండేది.

పక్కన కూర్చున్న అమ్మాయి చకచకా రాసేస్తోంది. క్లాసులో అందరికీ అర్థమవుతోంది, నాకొక్కదానికే అర్థం కావట్లేదు అనుకున్నాను. చెయ్యెత్తి అడిగితే తెలుగు మీడియం అని బయటపడిపోతుంది. అందుకే అడగలేదు. ఆ రోజే కాదు, ఆ సెమిస్టర్ మొత్తం అడగలేదు.

ఇంకో విషయం ఉంది. ఇంటర్‌లో మేం ఉన్న హాస్టల్‌లో ఉదయం 5 గంటలకు బెల్లు కొట్టేవాళ్లు. స్టడీ అవర్, క్లాసు, స్టడీ అవర్, వారం వారం టెస్టు. ఏ పేజీ చదవాలో కూడా వాళ్లే చెప్పేవాళ్లు. ఇక్కడికొచ్చాక ఆ బెల్లు లేదు. సాయంత్రం 4 తర్వాత ఏం చేస్తున్నావని అడిగే మనిషి లేడు. మొదటి నెల స్వర్గంలా ఉంది. రెండో నెలకల్లా సిలబస్ ఎక్కడుందో, నేనెక్కడున్నానో తెలియలేదు. మనకు చదవడం నేర్పారు గానీ, మనంతట మనం చదవడం ఎవరూ నేర్పలేదని అప్పుడు అర్థమైంది.

ఫస్ట్ సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాయి. మ్యాథ్స్ పోయింది. సీ ప్రోగ్రామింగ్ పోయింది. ఇంజనీరింగ్ డ్రాయింగ్ పోయింది. మూడు బ్యాక్‌లాగ్‌లు. టెన్త్‌లో స్కూల్ సెకండ్ నేను. ఇంటికి ఫోన్ చేసి, "రిజల్ట్స్ ఇంకా రాలేదు నాన్నా" అని అబద్ధం చెప్పాను. ఆ రాత్రి బ్యాగు సర్దేశాను కూడా.

అప్పుడు మా హాస్టల్‌లో థర్డ్ ఇయర్ అక్క ఒకావిడ బ్యాగు చూసింది. ఏమైందని అడిగింది. ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "నాకు ఫస్ట్ సెమ్‌లో నాలుగు పోయాయి. నీకు మూడేగా" అంది. (నవ్వులు) తర్వాత, "రాత్రి భోజనం అయ్యాక కారిడార్‌లోకి రా, పుస్తకం తెచ్చుకో" అంది.

వెళ్తే అక్కడ ఇంకో నలుగురున్నారు. అందులో క్లాసులో నా పక్కన కూర్చుని చకచకా రాసే అమ్మాయి కూడా ఉంది. తనకూ మ్యాథ్స్ పోయింది! ఇంగ్లిష్ మీడియం కాబట్టి మాటలు రాసుకుంది, లెక్క అర్థం కాలేదు. నాకు లెక్క వచ్చు, మాటలు రావు. ఆరు నెలలు పక్కపక్కనే కూర్చుని, ఒకరికొకరం తెలియకుండా ఇద్దరం మునిగాం.

ఆ కారిడార్‌లో మేం చేసింది పెద్దగా ఏం లేదు. ముందు ఎవరికి వాళ్లం ఒక ప్రాబ్లెమ్ చేసేవాళ్లం. తర్వాత చూపించుకునేవాళ్లం. "నాకు ఈ స్టెప్ రాలేదు" అని బయటికి చెప్పేవాళ్లం. సప్లీలో మూడూ పాసయ్యాను. తర్వాత బ్యాక్‌లాగ్ రాలేదు.

చాలాకాలం ఇది నా అదృష్టం అనుకున్నాను. తర్వాత ఒక పరిశోధన గురించి చదివాక తెలిసింది, ఇది అదృష్టం మీద వదిలేయాల్సిన విషయం కాదని.

1970లలో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో యూరి ట్రైస్‌మన్ అని ఒక కుర్రాడు పరిశోధన చేస్తున్నాడు. క్యాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఎందుకు వెనకబడుతున్నారన్నది అతని ప్రశ్న. లెక్చరర్లను అడిగితే అందరూ తలా ఒక కారణం చెప్పారు: చదవాలన్న పట్టుదల లేదు, స్కూల్లో బేస్ సరిగా లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు. మన గురించి కూడా ఇవే మాటలు అంటారు కదా? ట్రైస్‌మన్ వీటిని నమ్మి ఊరుకోలేదు. 20 మంది నల్లజాతి విద్యార్థులను, 20 మంది చైనా మూలాలున్న విద్యార్థులను తీసుకుని, వాళ్లు ఎలా చదువుతున్నారో దాదాపు ఏడాదిన్నర దగ్గరుండి చూశాడు. రూముల దాకా వెళ్లాడు.

చూస్తే ఆ కారణాలేవీ నిలబడలేదు. నల్లజాతి పిల్లల్లో పట్టుదలకు లోటు లేదు, ఇంట్లోవాళ్లు వాళ్ల చదువు కోసం ఎంతో చేశారు. వాళ్లు వారానికి 8 గంటలు, సార్ చెప్పినట్టే, బుద్ధిగా చదివేవాళ్లు. కానీ ఒంటరిగా. చైనా మూలాలున్న పిల్లలు సుమారు 14 గంటలు చదివేవాళ్లు. అందులో 8 నుంచి 10 గంటలు ఒంటరిగానే. మిగతా టైమ్ సాయంత్రాలు నలుగురు కూర్చుని, జవాబులు పోల్చుకుని, ఒకరి తప్పు ఒకరు పట్టుకుని, పాత పేపర్లు కలిసి చేసుకునేవాళ్లు. ఒక ప్రాబ్లెమ్ ఎవరికీ రాకపోతే, అది నిజంగానే కష్టమైనదని వాళ్లకు తెలిసేది. ఒంటరిగా చదివేవాడికి అది తెలియదు. వాడు 'నాకే రాదు' అనుకుంటాడు.

అదే నేను. మొదటి సెమిస్టర్‌లో అచ్చం అదే నేను.

1978లో ట్రైస్‌మన్ అక్కడ ఒక వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. "మీరు వీక్, మీకు స్పెషల్ క్లాసు" అనలేదు. తేలిక ప్రాబ్లెమ్స్ ఇవ్వలేదు. మామూలు క్లాసులో ఇచ్చేవాటికంటే కష్టమైనవి ఇచ్చి, కలిసి చేయమన్నాడు. ఆ వర్క్‌షాప్‌కు వచ్చిన పిల్లల ఫలితాలు బాగా మారాయి. ఆ పద్ధతిని తర్వాత అమెరికాలో చాలా కాలేజీలు తీసుకున్నాయి.

దీన్నే కాలేజీ మొదలవ్వకముందే, వేసవిలోనే చేస్తే? అలా చేసినవాళ్లున్నారు. మేరీల్యాండ్‌లో యూఎంబీసీ అనే యూనివర్సిటీలో 1988లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ ప్రోగ్రామ్ మొదలైంది. దాని వెనక ఉన్న ఫ్రీమన్ హ్రబౌస్కీ లెక్కల మాస్టారే. ఆయనకు పన్నెండేళ్లప్పుడు, 1963లో, బర్మింగ్‌హామ్‌లో పిల్లల ఊరేగింపులో నడిచినందుకు జైల్లో పెట్టారు. ఆ ప్రోగ్రామ్‌లో చేరిన పిల్లలు క్లాసులకు ముందు వేసవిలో 6 వారాలు క్యాంపస్‌లోనే కలిసి ఉంటారు. కలిసి తింటారు, కలిసి చదువుతారు. ఎంత టాపర్ అయినా సాయం అడగాల్సిందే, సాయం చేయాల్సిందే అని అక్కడే అలవాటు చేస్తారు. కోవిడ్‌కు మోడెర్నా వ్యాక్సిన్ తయారీలో ముఖ్యపాత్ర పోషించిన కిజ్మేకియా కార్బెట్ అనే శాస్త్రవేత్త ఆ ప్రోగ్రామ్‌లో చదివినావిడే.

మన దేశంలో కూడా ఉంది. ఐఐటీ గాంధీనగర్ 2011లో కొత్త పిల్లలకు ఐదు వారాల ఫౌండేషన్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. తర్వాత ఏఐసీటీఈ ఇంజనీరింగ్ కాలేజీలన్నీ మొదటి మూడు వారాలు ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టాలంది. 2019లో యూజీసీ 'దీక్షారంభ్' పేరుతో అన్ని కాలేజీలకూ గైడ్ ఇచ్చింది. ఆటలు, కళలు, విలువల మీద చర్చలు, దగ్గర్లోని ఊళ్లు చూపించడం, చిన్న చిన్న గ్రూపులకు ఒక మెంటార్... కాగితం మీద చాలా బాగుంది. బాగా చేసే కాలేజీలు ఉన్నాయి. కొన్నిచోట్ల మాత్రం మూడు వారాలు కాస్తా మూడు రోజులై, ఆడిటోరియంలో వరసగా స్పీచ్‌లు విని ఇంటికొచ్చేయడంతో సరి.

అన్నీ సక్సెస్ కథలే చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. టెక్సస్‌లో 2009 వేసవిలో ఎనిమిది కాలేజీల్లో ఇలాంటి సమ్మర్ ప్రోగ్రామ్‌లు పెట్టి, వచ్చిన పిల్లలను రెండేళ్లపాటు గమనించారు. మొదట్లో మ్యాథ్స్, రైటింగ్ కోర్సులు కొంచెం ముందుగా పాసయ్యారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ తేడా పోయింది. దీన్ని నేను ఎలా అర్థం చేసుకున్నానంటే, నాలుగు వారాల్లో నేర్పిన పాఠం కొన్నాళ్లకు పాతబడిపోతుంది. ఆ నాలుగు వారాల్లో దొరికిన మనుషులు, అయిన అలవాట్లు మిగిలితేనే అది చివరిదాకా పనికొస్తుంది.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. నేనే ఆ తప్పు చేశాను.

ఉద్యోగం వచ్చిన రెండేళ్లకు, మా కారిడార్ బ్యాచ్‌లో నలుగురం కలిసి మా ఊళ్లో ఒక క్యాంపు పెట్టాం. ఈఏపీసెట్ అయిపోయాక, బడులు తెరిచేలోపు, 12 రోజులు. హెడ్మాస్టర్‌గారు స్కూల్లో రెండు గదులు ఇచ్చారు. మొదటి ఏడాది 23 మంది వచ్చారు. మేమేం చేశాం? ఎం-1 సిలబస్ చెప్పాం. మాకు అర్థం కానిది వాళ్లకు ముందే అర్థమయ్యేలా చెప్పేద్దామని మా ఆత్రం. పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా ఒకటే క్లాసులు. నాలుగో రోజుకు 9 మంది మిగిలారు. ఒక కుర్రాడిని, "ఏరా, రావట్లేదేం?" అని అడిగితే, "అక్కా, ఇంటర్ మళ్లీ మొదలైనట్టుంది" అన్నాడు. (నవ్వులు)

వాడు చెప్పింది నిజం. మేం కూడా బెల్లు కొట్టి చదివిస్తున్నాం. మరుసటి ఏడాది మొత్తం మార్చేశాం. ఇప్పుడు ఏం చేస్తామో చెప్తాను. మీ ఊళ్లో క్యాంపు లేకపోయినా, నలుగురుంటే మీరూ చేసుకోవచ్చు.

మొదటి రెండు రోజులు పుస్తకమే తెరవం. కాగితాలు తెరుస్తాం. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్. టెన్త్ మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే అప్పుడే పట్టుకుంటాం. కౌన్సెలింగ్ రోజు పట్టుకుంటే కంగారు, జూన్‌లో పట్టుకుంటే సచివాలయానికి ఒక ట్రిప్పు. తర్వాత ఫోన్ నంబర్. అప్లికేషన్‌లో ఉన్న నంబర్ ఎవరిది? ఆ ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది? రీఛార్జ్ ఉందా? నెట్ సెంటర్ అన్న తన నంబర్ కొట్టేశాడేమో చూడండి. ఇప్పుడే చూడండి. నవ్వే విషయం కాదిది.

మూడోది, మాటల షీటు. 120 మాటలు. ఎడమవైపు తెలుగు అకాడమీ మాట, కుడివైపు ఇంజనీరింగ్ క్లాసులో వినబడే మాట. స్పర్శరేఖ అంటే టాంజెంట్, అవధి అంటే లిమిట్, మాత్రిక అంటే మ్యాట్రిక్స్, సదిశ అంటే వెక్టర్. గోడకు అంటించి రోజూ చూస్తారు. వారం తిరిగేసరికి పిల్లల మొహాలు మారతాయి. "అంతేనా? ఇది నాకు వచ్చు కదా!" అంటారు. ఆ మాట వినడానికే నేను ఏటా సెలవు పెట్టి వెళ్తాను.

నాలుగోది, గ్రూపు. నలుగురికి ఒక కష్టమైన ప్రాబ్లెమ్. మొదటి 15 నిమిషాలు ఎవరికి వాళ్లే. మాట్లాడకూడదు. తర్వాత పోల్చుకోవాలి. ఒకే రూలు: ప్రతి ఒక్కరూ, "నాకు ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడ ఆగిపోయాను" అని ఒక్కసారైనా చెప్పాలి. టాపర్ కూడా చెప్పాలి. మొదటి రోజు ఎవరి నోరూ లేవదు. టెన్త్ నుంచి మనకు నేర్పిందే అది కదా, రాకపోతే దాచుకోమని. ఆరో రోజుకు గది చేపల మార్కెట్ అవుతుంది. అలా అయితే క్యాంపు సక్సెస్ అన్నట్టే.

ఐదోది, ఇంగ్లిష్ క్లాసు వినడం. ఫోన్‌లోనే ఎన్‌పీటీఈఎల్ వీడియో, ఐఐటీ ప్రొఫెసర్లవి, ఫ్రీగా ఉంటాయి. రోజుకు 20 నిమిషాలు. పాజ్ చేయకుండా. నోట్స్ రాసుకోవాలి. తర్వాత నలుగురి నోట్స్ పక్కపక్కన పెడితే, ఒకరు వదిలేసింది ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. ఏ ఒక్కరి నోట్సూ పూర్తిగా ఉండదని కళ్లతో చూస్తారు.

ఆరోది, అడగడం ప్రాక్టీస్ చేయడం. అవును, నాటకంలాగా. ఒకరు లెక్చరర్, ఒకరు స్టూడెంట్. "సార్, అర్థం కాలేదు" అంటే కుదరదు. ఏది అర్థం కాలేదో చెప్పాలి. "సార్, మూడో స్టెప్ వరకు అర్థమైంది, నాలుగోది ఎలా వచ్చిందో ఒకసారి చెప్తారా?" అనాలి. ఇలా అడిగితే చాలామంది సార్లు సంతోషంగా చెప్తారు. తెలుగులో అడిగినా చెప్తారు. నేను నాలుగేళ్లు చదివి తెలుసుకున్నది మీకు ఒక్క వాక్యంలో చెప్పేస్తున్నా.

ఏడోది, రూల్స్. అటెండెన్స్ 75 శాతం. మన రాష్ట్రాల్లో చాలా యూనివర్సిటీల్లో 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపించి కాండొనేషన్ ఫీజు కట్టాలి. 65 లోపు పడిపోతే డిటెయిన్. మిడ్స్ అంటే ఏంటి, క్రెడిట్స్ అంటే ఏంటి, సప్లీ ఎలా రాయాలి, ఇవన్నీ ముందే చెప్తాం. ర్యాగింగ్ జరిగితే 1800-180-5522. మనసు బాగోకపోతే టెలీ-మానస్, 14416. ఈ రెండూ ఫోన్‌లో సేవ్ చేయించి గానీ పంపం.

చివరి రోజు సాయంత్రం అమ్మానాన్నల్ని పిలుస్తాం. వాళ్లకు ఒకటే చెప్తాం. "ఫస్ట్ సెమ్‌లో మార్కులు తగ్గొచ్చు. ఒక సబ్జెక్టు పోవచ్చు. అప్పుడు తిట్టకండి, 'ఎవరిని అడిగావు?' అని అడగండి." ఒక ఏడాది ఒక నాన్న లేచి, "అమ్మా, మేం చదువుకోలేదు, మాకేం తెలుస్తుంది?" అన్నారు. ఆ ప్రశ్న అడగడానికి చదువు రానక్కర్లేదండీ అని చెప్పాను. మా నాన్న ఆ ప్రశ్న అడిగి ఉంటే, ఆ రోజు నేను అబద్ధం చెప్పేదాన్ని కాదు.

12 రోజుల్లో ఎవరూ ఇంజనీర్ అయిపోరు. కానీ క్యాంపు అయ్యాక నలుగురు నలుగురుగా విడిపోయి వెళ్తారు. వేరే వేరే కాలేజీల్లో చేరినా వాళ్ల వాట్సాప్ గ్రూపు అలాగే ఉంటుంది. రాత్రి 9కి ఒక ఫొటో పడుతుంది: "ఇక్కడ ఆగిపోయాను." పావుగంటలో ఎవరో ఒకరు జవాబు పెడతారు. నా హాస్టల్ కారిడార్ ఇప్పుడు వాళ్ల ఫోన్‌లో ఉంది.

సరే, మరి క్యాంపుకు రాలేనివాళ్లు? ఈ వారంలో మూడు పనులు చేయండి. ఒకటి, మీ కాగితాలు, ఫోన్ నంబర్ సరిచూసుకోండి. రెండు, మీకు నచ్చిన కాలేజీలో చదువుతున్న సీనియర్ ఒకరిని వెతికి పట్టుకోండి. మీ స్కూల్ నుంచో, మీ పక్క ఊరి నుంచో ఎవరో ఒకరు ఉంటారు. "అన్నా, ఫస్ట్ సెమ్‌లో నీకు ఏది కష్టమైంది?" అని అడగండి. చాలామంది చెప్పడానికి ఎదురుచూస్తుంటారు, అడిగేవాళ్లే ఉండరు. మూడు, ఇంకో ముగ్గురితో కలిసి రోజుకు ఒక గంట ఏదైనా చదవండి. ఏం చదివారన్నది తర్వాత సంగతి. రాలేదని చెప్పడం అలవాటైతే చాలు.

చివరిగా, నా ఫ్రెండ్ సంగతి అడుగుతారని తెలుసు.

తను మా ఊళ్లోనే ఉంది. ఇద్దరు పిల్లలు. డిస్టెన్స్‌లో డిగ్రీ పూర్తి చేసింది. రెండో ఏడాది క్యాంపుకు వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. నాకు మాట రాలేదు. ఆ వేసవిలో ఒక్కసారి తన ఇంటికి వెళ్లి, "నీకు సీటు వచ్చిందా?" అని నేను అడిగి ఉంటే... ఆ మాట పదేళ్లుగా నాలో ఉంది. సాయంత్రం అందరూ వెళ్లాక చెప్పేశాను, నన్ను క్షమించమని అడిగాను. తను కాసేపు ఊరుకుంది. తర్వాత, "సారీ ఎందుకే? ఆ పిల్లల లిస్టు ఇటివ్వు" అంది.

అప్పటి నుంచి ఆ లిస్టు తన దగ్గరే. అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2016లో కొత్త పిల్లలకు ఫోన్ మెసేజ్‌ల ద్వారా గుర్తుచేస్తూ, సందేహాలకు జవాబిచ్చే చాట్‌బాట్ పెడితే, వేసవిలో జారిపోయేవాళ్లు ఐదో వంతు తగ్గారు. మాకు చాట్‌బాట్ లేదు. తను ఉంది. అలాట్‌మెంట్ వచ్చిన రోజు నుంచి ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ తనే ఫోన్ చేస్తుంది. "సీటు వచ్చిందా? సెల్ఫ్ రిపోర్టింగ్ చేశావా? కాలేజీకి ఎప్పుడు వెళ్తున్నావు? తోడు ఎవరొస్తున్నారు?" ఎత్తకపోతే వాళ్ల అమ్మకు చేస్తుంది. అమ్మ ఎత్తకపోతే ఇంటికే వెళ్తుంది.

తను ఫోన్ పట్టుకున్నాక, మా లిస్టులో సీటు వచ్చి చేరకుండా మిగిలిపోయిన పిల్ల ఒక్కతి కూడా లేదు.

మీ ఊళ్లో కూడా ఈ వేసవిలో అలాంటి పిల్ల ఒకతి ఉండే ఉంటుంది. ఇవాళ ఇంటికెళ్లి ఒక్క ఫోన్ చేయండి. "సీటు వచ్చిందా? రిపోర్ట్ చేశావా?" అని అడగండి. రెండు నిమిషాల పని.